మూడో బోర్డు

ఈ బరువు పన్నెండేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు రాస్తున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మాట. గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో నేను సర్వేయర్ని. కొత్తగా లేజర్ స్కానర్ వచ్చింది. దాని కిరణం గని గోడకు తగిలిన ప్రతిచోటా ఒక చుక్క నమోదవుతుంది. లక్షల చుక్కలు కలిస్తే తెరమీద గని ఆకారం వస్తుంది. ఒక్కచోటి నుంచి అంతా కనిపించదు కాబట్టి రెండు చోట్ల స్కాన్ చేసి కలపాలి. కలపడానికి గుర్తుగా స్టాండ్ల మీద మూడు తెల్లబోర్డులు పెడతాం. పని అయ్యేదాకా వాటిని ముట్టుకోకూడదు.

ముట్టుకున్నది నేను. మొదటి స్కాన్ అయ్యాక, ఎండకు తాళలేక, నీళ్లు తాగుతూ మూడో స్టాండుకు ఆనుకున్నాను. అది పక్కకు జరిగింది. అందాజాగా మళ్లీ నిలబెట్టాను. బోర్డులు చూసుకునే పెద్దాయన ఓదెలు, మేమంతా కాకా అని పిలిచేవాళ్లం, అప్పుడు అవతలి బోర్డు దగ్గరున్నాడు.

కంప్యూటర్లో రెండు స్కాన్లూ కలవవే! ఒకే గట్టుకు రెండు అంచులు. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క చెడేది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కారణం తెలిసి తెలిసీ సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను. ఆఫీసరు అడిగితే "కాకే కదిలించి ఉంటాడు సార్" అన్నాను. నిజం చెబితే ఏం పోయేది? ఒక మందలింపు, ఇంకో స్కాను. అంతేగా!

కాకను పిలిపించారు.

"నేను ముట్టలే సారూ. ముప్పై ఏండ్ల సంది సర్వేల జేస్తున్న, ఎట్ల ముడ్త? నువ్వన్న జెప్పు" అని నా వైపు చూశాడు.

"చుక్కలు అబద్ధం చెప్పవు కాకా" అన్నాను.

నిజమే, అవి అబద్ధం చెప్పలేదు. బోర్డు కదిలిందన్నాయి. ఎవరు కదిలించారో వాటికేం తెలుసు? ఆ తెర చదవడం మా గనిలో నాకొక్కడికే వచ్చు. ఇక నా మాటకు ఎదురెవరు చెబుతారు?

కాకను సర్వే నుంచి తీసేసి, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు కింద రాలినదాన్ని పారతో ఎత్తే పనికి వేశారు. ఉద్యోగం పోలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత క్యాంటీన్ దగ్గర ఆయనే వచ్చాడు, ఒళ్లంతా బొగ్గుపొడితో. "ఎంత యాది జేసుకున్నా సమజైతలేదు బిడ్డా. నా కాలే తాకిందేమో. మిషిను జెప్పినంక కాదంటనా? మాఫ్ జెయ్యి."

అప్పుడైనా చెప్పొచ్చు. "పోనీలే కాకా" అన్నాను. పెద్దమనిషిలా భుజం తట్టాను. నేను చేసిన తప్పుకు ఆయన్ని క్షమించాను!

కాక మూడేళ్ల కిందట పోయాడు, తన కాలే తాకిందనుకుంటూ. ఆయన కొడుకు ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఈ కాగితం అతనికిచ్చే ధైర్యం ఇంకా లేదు. బోర్డు కదిలించింది నేను. ఆ ఒక్క ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.