జోగమ్మ కొంగులో బెల్లం ముక్క

అది 2022 మే నెల. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక సబ్ సెంటర్‌లో నేను ఏఎన్ఎంని. నా నోరు పెద్దదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

అంతకు కొన్ని నెలల ముందు, మా సెంటర్‌కు వచ్చే జోగమ్మకు షుగర్ ఉందని తేలినప్పుడు ఆమె నమ్మలేదు. "కూసోని తినేటోళ్ల రోగం సిస్టరమ్మా అది. రోజూ అడవిల తిరిగేదాన్ని, నాకేంది?" అంది. కష్టం చేసేవాళ్లకూ వస్తుందని ఒప్పించేసరికి నా తాతలు దిగొచ్చారు. చివరికి ఆమె భర్త ముత్తయ్యను కూర్చోబెట్టి, "తీపంటే విషం అనుకో. ముట్టనియ్యకు" అని గట్టిగా చెప్పాను. మాత్రలు మొదలయ్యాయి, రీడింగులు దిగాయి. నా పనికి నేనే మురిసిపోయాను.

ఇంతలో బీడీలు చుట్టే తునికాకు సీజన్ వచ్చింది. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడానికి ఆ రోజు నేనూ కల్లం దగ్గరే ఉన్నాను. జోగమ్మ కట్టల పక్కనే కూలబడింది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట ముద్దగా వస్తోంది. పొద్దున ఏం తిన్నదని అడిగితే ముత్తయ్య చెప్పాడు: "ఏం తినలే. గోలీ మాత్రం మర్వలే, ఏస్కుంది."

గ్లూకోమీటర్‌లో 48. దీన్ని హైపో అంటాం. కొన్ని షుగర్ మాత్రలు వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. ఆలస్యమైతే మనిషి దక్కదు. టీ కొట్టామె దగ్గర చక్కెర తీసుకుని నీళ్లలో కలిపాను. గ్లాసు జోగమ్మ నోటిదాకా వెళ్లేలోపు ముత్తయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"షుగర్ మనిషికి తీపి విషమని నువ్వే చెప్పినవ్ గద సిస్టరమ్మా. సంపుతవా ఏంది?"

నా నోటి మాటే నాకు ఎదురొచ్చింది. అతను తప్పేం అనలేదు. సగం చెప్పి మురిసిపోయింది నేను.

"అవ్, నేనే చెప్పిన. అది రోజూ తినేదానికి. ఇప్పుడు ఇదే మందు. చెయ్యి ఇడువు ముత్తన్నా."

వదిలాడు, కళ్లు మాత్రం నా మీద నుంచి తీయలేదు. ఆమె ఇంకా మింగగలుగుతోంది కాబట్టి గుక్కగుక్కగా తాగించాను. స్పృహ తప్పితే నోట్లో చుక్క కూడా పోయకూడదు. పావుగంటకు 92. "అంబలి ఉన్నదా?" అని జోగమ్మే అడిగింది. అప్పుడు కూర్చుని ఏడ్చాడు ముత్తయ్య. ఆ రోజే డాక్టరు గారికి చూపించాం. మాత్ర మోతాదు తగ్గించారు.

మరుసటి ఏడాది అదే కల్లంలో పక్క ఊరి పెద్దాయన ఒకరు తూలి పడబోయారని కబురొస్తే పరుగెత్తాను. నేను చేరేసరికి ఆయన తేరుకుని అంబలి తాగుతున్నారు. జోగమ్మ చీర కొంగు ముడి విప్పి ఉంది. అందులో బెల్లం ముక్క సగం మిగిలింది. సూది గుచ్చి చూస్తే 88.

"ఈయనకు తీపి తినొద్దని సగమే చెప్పి పంపిండ్రంట సిస్టరమ్మా. మిగిలిన సగం నేను చెప్పిన" అంది.

ఆ మాట నాకే తగిలింది. అయినా గర్వంతో కళ్లు చెమర్చాయి. అప్పటినుంచి మిగిలిన సగం కూడా చెప్పకుండా నేను ఎవరికీ షుగర్ మాత్ర ఇవ్వలేదు.