దేవదానం మాస్టారు తాగలేదు

ఇప్పుడు నేను వెళ్ళే బాపట్ల చర్చిలో, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారపు వేళ గిన్నె దగ్గరికొస్తుంటే ద్రాక్షారసం తియ్యని వాసన తగులుతుంది. రేపల్లె గుర్తొస్తుంది. దేవదానం మాస్టారు తాగుబోతు కాదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఆ మాట అనలేదు.

రేపల్లెలో ఆయన మా బడి పంతులు, చర్చిలో పాటలు ఎత్తుకునే పెద్ద. కూలిపనులకు పోయే ఇంట్లో పుట్టిన నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టింది ఆయనే. "ఏంటిరా ఆ గొణుగుడు? దేవుడికి వినపడుద్దిలే, వెనక బెంచీలో ముసలమ్మకి వినపడొద్దూ?" అనేవారు. ఈ రోజు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ చీవాట్ల వల్లే.

రిటైరయ్యాక ఆయన పడిపోవడం మొదలైంది. నిలబడ్డ మనిషి నిలువునా వెనక్కి పడేవారు. మాట ముద్దయింది. ప్రార్థనలో అందరూ తల వంచితే ఆయన మాత్రం రెప్ప వేయకుండా ఎదురుగా చూసేవారు. ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మెట్టు కనపడట్లేదురా. కళ్ళు కిందికి దిగనంటున్నాయి. ఎవరితో అనబాక, నవ్వుతారు" అన్నారు.

కొన్నాళ్ళకు ఆయన సంగతి తేల్చడానికి చర్చి సంఘం కూర్చుంది. "పొద్దున్నే తాగొచ్చి పాస్టరుగారిని గుడ్లురిమి చూస్తాడా?" అన్నాడొక పెద్ద.

"వాసన రాలేదు కదండీ" అంది ఒకావిడ.

"ఏలక్కాయ నమిలొస్తాడమ్మా!"

అందరూ నవ్వారు. మాస్టారు నా వైపు తిరిగారు. నేను హార్మోనియం వైపు చూస్తూ ఉండిపోయాను. ఎవరితోనూ అనవద్దన్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆయన తప్పుకుంటే పాటలు ఎత్తుకునేది నేనే. ఆయనకు సంస్కారం ఇవ్వడం ఆపేశారు. మరుసటి ఆదివారం ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

తరవాత ఆయన్ని కూతురు మణి బాపట్ల తీసుకెళ్ళింది. తెనాలిలో డాక్టరుకు చూపించేటప్పుడు, ఒక్కతే పట్టుకోలేక నన్ను తోడు రమ్మంది. డాక్టరు వేలు కిందికి దించితే మాస్టారి కళ్ళు వెంట దిగలేదు.

"మెదడు కణాల్లో సరుకు మోసే సన్నటి గొట్టాలుంటాయండి. వాటిని నిలబెట్టేది టౌ అనే ప్రోటీన్. అది చెడితే గొట్టాల్ని వదిలేసి ఉండలు కట్టుద్ది, కణాలు చచ్చిపోతాయి. ఈయనకి కళ్ళనీ ఒంటి నిలకడనీ నడిపించే చోట పట్టుకుంది. నయం చేసే మందు లేదండి" అన్నాడు.

"అయితే తాగుడు కాదాండీ?" అంది మణి. "చుక్క తాగకపోయినా ఇలాగే తూలుతారమ్మా" అన్నాడు డాక్టరు. ఆమె అక్కడే ఏడ్చింది. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

ఆయన మంచాన పడబోతున్నారని తెలిసి రేపల్లె పెద్దలు ప్రార్థన చేయడానికి మణి ఇంటికి వచ్చారు. నేను లోపలికి వెళ్ళి, కుర్చీలో ఉన్న మాస్టారి కాళ్ళు పట్టుకున్నాను. ఆయన చూపు నా తలమీదుగా గోడకే ఉంది.

"ఎవరూ?"

"నేనే మాస్టారూ."

"లే... కనపడట్లా."

లేచి ఆయన చూపుకు ఎదురుగా నిలబడ్డాను. వసారాలో చివర కూర్చున్న పెద్దలకు కూడా వినపడేలా అన్నాను.

"మాస్టారూ, మీరు తాగలేదు. మెట్టు కనపడట్లేదని నాతో చెప్పారు. మీ కుర్చీ కోసం నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."