మల్లేశం కాక తీసిన ఒక్క ఫోటో

మొన్న కరీంనగర్ బస్టాండు బయట నూడుల్స్ బండి దగ్గర నిలబడ్డాను. బండివాడు పెనం మీద సిర్కా, అదే వెనిగర్, చిలకరించగానే ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. తినేవాళ్లకు అది ఆకలి పుట్టించే వాసన. నాకు మాత్రం లక్సెట్టిపేటలో ఒక చీకటి గది, ఎర్ర బల్బు, అదే వాసన కొట్టే ఫోటోల మందు తొట్టిలో తేలుతున్న కాగితం గుర్తుకొచ్చాయి. ఆ గది ఫోటోగ్రాఫర్ మల్లేశం కాకది. ఆయన మాకు చుట్టం కాదు, ఊరందరికీ కాకే. నా చదువు ఏడో తరగతితో ఆగింది. వడ్ల రాశి చూసి ఎన్ని బస్తాలో, బావిలోకి తొంగిచూసి ఎన్ని గజాల లోతో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. నా లెక్కలో ఏం తప్పిపోతుందో తెలిసింది మాత్రం ఆయన దగ్గరే.

తొంభైల మొదట్లో మా చెల్లెలు పద్మ పెళ్లి కుదిరింది. అన్న అప్పటికి మస్కట్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. వీడియో తీయించి క్యాసెట్టు పంపమని ఉత్తరం రాశాడు. అతని గదిలో ఉండే ఎనిమిది మంది కలిసి క్యాసెట్లు చూసే వీసీపీ కొన్నారట. అవ్వేమో, అంటే మా అమ్మ, ఫోటోలే కావాలని పట్టుబట్టింది. ఇంట్లో టీవీయే లేదు, ఆ నల్ల డబ్బాను ఏం చేసుకోవాలి, ఆల్బం అయితే ఒళ్లో పెట్టుకుని చూసుకుంటానంది. రెండూ పెట్టే స్తోమత మాకు లేదు. లెక్కలు తెలిసినవాడివి నువ్వే తేల్చమని బాపు నా మీదికి నెట్టాడు. కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రెండు రీళ్లు వేస్తే డెబ్బై రెండు ఫోటోలు. క్యాసెట్టు మూడు గంటలు, సెకనుకు ఇరవై ఐదు బొమ్మలని వీడియో అతనే చెప్పాడు. అంటే రెండు లక్షల డెబ్బై వేలు. ఇక ఆలోచించేదేముంది అనిపించింది.

మా ఇంట్లో అప్పటిదాకా ప్రతి పెళ్లికీ ఫోటోలు తీసింది మల్లేశం కాకే. కబురు పంపడం బాగుండదని నేనే పోయి, సంజాయిషీ లాగా ఆ కాగితం చేతికిచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివి నవ్వాడు.

“లెక్క కరెక్టే బిడ్డా. గని గన్ని బొమ్మలు ఎవలు సూస్తరు? మీ అన్నకు చెల్లె మాట ఇనవడాలె. నా డబ్బల గొంతు రాదు. వీడియోనే పెట్టు.”

పెళ్లినాడు మంచిర్యాల నుంచి వీడియో అతను పెద్ద లైటుతో దిగాడు. ఆ వెలుగు ఎటు తిరిగితే జనం అటు తిరిగారు. మల్లేశం కాక ఒట్టి చేతులతో వచ్చి, అక్షింతలు వేసి, భోంచేసి పోయాడు. సెలవు ముగిసి మస్కట్ పోతున్న పక్క ఊరి మనిషి చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపాము.

నెల తర్వాత అన్న ఉత్తరం వచ్చింది. బాపు పేరున కాదు, నా పేరున. “క్యాసెట్టు మూడుసార్లు సూసిన. పెద్దవ్వ ఏది? నాతోని దాస్తున్నరు. నిజం రాయకుంటే సేటు దగ్గర పాస్‌పోర్టు అడుక్కొని వస్త.”

పెద్దవ్వ అంటే బాపు వాళ్ల అన్న భార్య. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. అన్నను పెంచింది ఆమే. బొట్టు లేదని శుభకార్యాల్లో ఎవరూ చెప్పకముందే తానే తప్పుకునేది. పద్మ పెళ్లయినంత సేపూ వెనక గదిలో విస్తరాకులు సర్దుతూ ఉంది. రెండు లక్షల డెబ్బై వేల బొమ్మల్లో ఆమె ఒక్కదానిలోనూ లేదు. మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు సెలవు మీద వచ్చేదాకా చెప్పరు. మా వీధిలోనే రెండిళ్లలో అట్లా దాచారు. అన్నకు అది తెలుసు. పని ఒప్పందం మధ్యలో వదిలి వస్తే మళ్లీ పోయే దారి ఉండదు. బాగుందని రాస్తే నమ్మడు, ఇంట్లో ఉన్న ఫోటో పంపితే పాతదంటాడు.

ఉత్తరం పట్టుకుని మల్లేశం కాక దగ్గరికే పోయాను. ఆయన చదివి, మడిచి నా చేతికిచ్చాడు.

“గొంతు గురించి చెప్పిన గని ముసలామె నాకు యాదికే రాలే. నీ లెక్కల లేదు, నా ముచ్చట్ల లేదు,” అన్నాడు. తర్వాత, కొత్త అల్లుడు మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగాడు. ఆదివారం అన్నాను. “మీ అన్న ఆయనను సూసింది క్యాసెట్లనే గదా. ఆయన పక్కపొంటి ముసలామె కూసుంటె ఫోటో పాతదెట్లయితది?”

ఆదివారం కెమెరాతో వచ్చాడు. కలర్ రీలు కడగడానికి కరీంనగర్ పంపాలి, వారం పడుతుందని బ్లాక్ అండ్ వైట్ వేశాడు. పెద్దవ్వ గది దాటి రానంది. “బొట్టు లేనిదాన్ని, కొత్త జంట నడుమ నేనెట్ల కూసుంట మల్లేశం? పిల్లకు మంచిది కాదు.” ఆయన బతిమాలలేదు. నువ్వు చనిపోయావేమోనని అక్కడ నీ కొడుకు క్యాసెట్టులో నిన్ను వెతుక్కుంటున్నాడని మాత్రం చెప్పాడు. పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పద్మ పక్కన కూర్చున్న కొత్త బావ లేచి, కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాడు.

“రాండ్రి పెద్దత్తా, నా పక్కకు కూసోండ్రి.”

ఆమె వచ్చి కూర్చుంది గానీ తల ఎత్తలేదు. మల్లేశం కాక కెమెరా కంటికి ఆనించి, “వదినా, పెద్దోన్ని ఒక్కసారి పిలువు,” అన్నాడు. ఆమె తలెత్తి, “పెద్దోడా” అంది. అప్పుడు నొక్కాడు. ఆ సాయంత్రమే చీకటి గదిలో, ఆ పుల్లటి వాసన మధ్య, తెల్ల కాగితం మీద ముందు బావ మీసం, తర్వాత పద్మ పూలు, చివరికి పిలుస్తూ సగం తెరిచిన పెద్దవ్వ నోరు పైకి తేలాయి.

అన్న జవాబు రెండు ముక్కలే. ఫోటో అందింది, ఒప్పందం అయినంకనే వస్తానని.

మల్లేశం కాక పోయి చాలా ఏళ్లయింది. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ ఫోటోకు ముందు, ఎదురుగా కనిపించే మనుషులతో లెక్క మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఇంటి వెనక్కి పోయి మొదలుపెడతాను. నిరుడు పద్మ కూతురి పెళ్లికి వీడియో పిల్లలు వచ్చి, కెమెరాలు ఎన్ని పెట్టమంటారని అడిగారు. వాళ్లను కూర్చోబెట్టి, కెమెరా ముందుకు తమంతట తాము రాని వాళ్ల పేర్లు రాశాను. ఐదు వచ్చాయి. కాగితం వాళ్ల చేతికిచ్చి, ముందు వీళ్ల దగ్గరికి పోండి, స్టేజీ సంగతి తర్వాత అన్నాను.