ఏరియల్ లేవని కారుల మూడు ఊర్లు

బుధవారం పొద్దుగాల ఎనిమిదింటికి సూర్యాపేటల మా ఇంటి ముంగట కారెక్కి రేడియో పెట్టిన. డిక్కీ పక్కకెల్లి గుర్ర్‌మని చప్పుడైతే వచ్చింది గని ఏరియల్ లేవలే. బంద్ చేసి మల్ల పెట్టిన. మల్ల గుర్ర్. రేడియోల సుయ్‌మని ఒక్కటే మోత. పక్క సీట్ల మా వదినె యాదమ్మ కొత్త చీర కట్టి, పూలు పెట్టుకొని కూసున్నది. ఆమె మొకం సూడనీకి నాకు ధైర్యం కాలే.

ఎందుకంటే ఆ సాయంత్రం ఐదున్నరకు వదినె పాట రేడియోల వస్తది. వానకాలం నాట్లప్పుడు రేడియోవాళ్లు మోతె దిక్కు పొలాలకు వచ్చి, ఆమె బురదల నిలబడి పాడుతుంటే రికార్డు చేసుకొని పోయిన్రు. ఆర్నెల్లకు మొన్న ఫోన్ చేసిన్రు. బుధవారం ఐదున్నరకు, ఒక్కటే సారి వేస్తరట. అది చిన్న స్టేషన్, ఫోన్ల దొరకదు. మా చుట్టాలందరి ఇండ్లు వెతికినా రేడియో ఉన్నది నా పాత కారులనే. నలభై ఏండ్ల సంది నాట్లేసే ఆడోళ్ల ముంగట పాట ఎత్తుకునేది వదినె. అందరు విన్నరు, ఆమె మాత్రం తన పాట తను ఎన్నడూ వినలే. "జర బయటకెల్లి ఇంటే ఎట్లుంటదో సూడాలె సుగుణా," అని వారం సంది ఒక్కటే పోరు.

నేను లేడీస్ టైలర్ని. కారుకు ఇరవై ఏండ్లు దాటినయి. రేడియో పెడితే ఏరియల్ దానంతటదే పైకి లేస్తది, బంద్ చేస్తే లోపలికి పోతది. సిగ్గెందుకు, ఆ వేషం సూసే కారు కొన్న. గని ఫోన్ల పాటలు వచ్చినంక రేడియో పెట్టుడే మానేసిన.

ఆ రోజు దుకాణం బంద్ పెట్టి బయలుదేరినం. మొదట బస్టాండ్ దగ్గరి ఎలక్ట్రీషియన్. ఫ్యూజు తీసి సూసిండు, టెస్టు లైటు పెట్టిండు, డిక్కీల తల పెట్టి విన్నడు.

"కరెంట్ మంచిగనే వస్తుందక్కా. మోటర్ గూడ తిరుగుతుంది. లోపల ప్లాస్టిక్ వైరు ఉంటది, దానికి రంపం లెక్క పండ్లుంటయి. అదే ఏరియల్ పుల్లను పైకి తోస్తది. అది ఖతమైనట్టుంది. కోదాడ పోండ్రి, పాత కార్లు సూసే ముసలాయన ఉన్నడు."

పాత కారున్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోండ్రి. చప్పుడే రాకుంటే ముందు ఫ్యూజు సూడుండ్రి. చప్పుడొచ్చి పుల్ల లేవకుంటే లోపలి వైరు. ఈ ఒక్క ముక్క తెలుసుకోనీకే మాకు తొమ్మిదిన్నరయింది.

విజయవాడ బస్సులు మమ్ముల హారన్లతోని తరుముతుంటే హైవే మీద పోయినం. మునగాల కాడ చాయ్ తాగినం. చాయ్ పోసేటాయన పూలు, కొత్త చీర సూసి, "పెండ్లికా అమ్మా?" అనడిగిండు.

"కాదు బిడ్డా, నా పాట ఇననీకి," అన్నది వదినె. ఆయన నా దిక్కు సూసిండు. నేను చాయ్ దిక్కు సూసిన.

పదకొండు కాకముందే కోదాడ చేరినం. ముసలాయన అద్దాలు నొసటి మీదికి తోసుకొని, నట్లు విప్పి, ఏరియల్ డబ్బా మొత్తం బయటికి తీసిండు. మూత తెరిచి, లోపలికి సూసి, అట్లనే ఆగిపోయిండు.

"అమ్మగారూ, ఈ కారుకు పూజ ఎవరు చేశారండీ?"

లోపల చక్రం చుట్టూ పసుపు దారం బిర్రుగ చుట్టుకొని ఉన్నది. నడుమ ఎండిపోయిన జమ్మి ఆకులు. పండ్ల వైరు మూడు ముక్కలైంది. నేను మెల్లగ వదినె దిక్కు తిరిగిన.

"నువ్వేనా?"

"దసరకు కట్టిన గద! బండికి అన్నిటికన్న మీద ఏదున్నదో గాడ కట్టాలె. ఆ పొద్దు కారు కడుగుకుంట నువ్వు రేడియో పెట్టినవ్, గది నిలబడి ఉండె, కట్టిన."

"నేను రేడియో బంద్ చేస్తే అది లోపలికి పోతది గద వదినె!"

"నాకేమెరుక అది పొక్కల దూరుతదని? దేవుని దారం, దానికి ఏం చేస్తదే?"

ముసలాయన పట్టకారుతో ముడి గుంజిండు. అది రాలే. కత్తెర పెడితే గని తెగలే. "ఇదేం ముడండీ బాబూ," అన్నడు.

"నారు కట్టకు కట్టే ముడి," అన్నది వదినె గర్వంగ. "ఊకె ఊడదు."

అంతే, ఆయన స్టూల్ మీద కూసొని నవ్వుడు, నేను కారుకు ఆనుకొని నవ్వుడు. వదినె కాసేపు మూతి ముడుచుకొని, తను గూడ పక్కున నవ్వింది. గని తన నవ్వయినంక, "ఇగ నా పాట పోయినట్టేనా?" అని మెల్లగ అడిగింది. ఆ మాటకు మేమిద్దరం నవ్వు బంద్ చేసినం.

ఆయన దారమంతా తీసి, మోటర్ తుడిచి, గ్రీజు పెట్టి మల్ల బిగించిండు. "మోటార్ బంగారంలా ఉందమ్మా. పుల్ల, వైరు కలిపి ఒకటే వస్తుంది, అది నా దగ్గర లేదు." మిర్యాలగూడకు ఫోన్ కొట్టిండు. అక్కడ పాత సామాన్ల దుకాణంల అదే రకం కారు పడి ఉన్నదట. "తొందరగా వెళ్లండి, పాట మిస్సవుతారు," అని మమ్ముల తనే తొందరపెట్టిండు.

బస్టాండ్ ఎదురుంగ మీల్స్ తిన్నం. గోంగూర మాత్రం ఆంధ్ర కారం, నోరు మండి మంచినీళ్లు రెండు సార్లు అడిగినం. ఒంటిగంటన్నరకు బయలుదేరి, చిలుకూరు దాటి, హుజూర్‌నగర్ మీదికెల్లి పోతుంటే రెండు పక్కల యాసంగి నాట్లు. ఎక్కడ వంగిన ఆడోళ్లు కనవడితే అక్కడ వదినె అద్దం దించి, "ఐదున్నరకు రేడియో పెట్టుండ్రి!" అని ఒర్రింది. ఒకామె నడుము లేపి, "రేడియో ఏడున్నది అవ్వా!" అని ఎదురు ఒర్రింది.

మూడు దాటినంక మిర్యాలగూడ. రైస్ మిల్లుల లారీల నడుమ ఇరుక్కొని ఇరవై నిమిషాలు అక్కడనే పోయినయి. దుకాణమాయన సలీం భాయ్ మాకోసం ముందుగాలనే పుల్ల పీకి పెట్టిండు. "పరేషాన్ కావొద్దమ్మా, పది నిమిషాల పని," అన్నడు.

గంట పట్టింది. పని ఎట్లనంటే, వైరు పొక్కల పెట్టి పట్టుకోవాలె, కారుల కూసొని ఇంకొకరు రేడియో బంద్ చెయ్యాలె, అప్పుడు మోటర్ తిరిగి వైరును గుంజుకుంటది. పండ్లు చక్రం దిక్కే ఉండాలె. మొదటిసారి పండ్లను అవతలి దిక్కు పెట్టినం, కర్రుమని బయటికి కక్కింది. రెండోసారి నేను తొందరపడి ముందే బంద్ చేసిన. సలీం భాయ్ నెత్తి పట్టుకున్నడు. మూడోసారి వదినె ముంగటికొచ్చి, "నువ్వు జరుగు భాయ్, నాటు పెట్టే చెయ్యి," అని వైరు తను పట్టుకున్నది. "ఇగ బంద్ చెయ్యే!" అన్నది. సర్రుమని వైరంతా లోపలికి పోయింది. మల్ల రేడియో పెడితే, పుల్ల తళతళమంటూ పైకి లేసింది. దుకాణంల పనోళ్లు చప్పట్లు కొట్టిన్రు. నేనైతే వదినెను పట్టుకొని గిరగిర తిప్పిన.

గని రేడియోల ఇంకా సుయ్‌మనుడే.

"ఈడ ఆ స్టేషన్ అందదమ్మా," అన్నడు సలీం భాయ్. "సూర్యాపేట దిక్కు పోండ్రి."

నాలుగూ నలభై. ఎట్ల తోలిన్నో నాకే తెల్వదు. గొర్ల మంద ఒకటి అడ్డమొస్తే వదినె దిగి తనే అదిలించింది. ఐదూ ఇరవై ఐదుకు సుయ్ నడుమ ఒక మాట వినవడ్డది, తర్వాత రెండు, తర్వాత సాఫుగ మనిషి గొంతు. కారు రోడ్డు కిందికి దించి, పొలం పక్కన ఆపిన. "ఇప్పుడు యాదమ్మ పాడిన నాట్ల పాట," అన్నది రేడియో ఆమె.

వదినె నా చెయ్యి పట్టుకున్నది.

రేడియోల పాట ఎత్తుకున్నదో లేదో, పక్క సీట్ల గూడ పాట ఎత్తుకున్నది! కండ్లు మూసుకొని, మెడ ఎత్తి, పొలమంతా వినవడేటట్టు పాడుతున్నది వదినె. నేను గిచ్చిన, గుంజిన, నోటి మీద వేలు పెట్టి సూపిచ్చిన. ఎవరికి సోయి? ఆఖరు చరణం దాకా పాడి, కండ్లు తెరిచేసరికి రేడియోల యూరియా ఎప్పుడు సల్లాలో చెప్తున్నరు.

"ఇన్నవా వదినె?" అన్న.

"ఏడ ఇన్ననే! పాడుతుంటి గద!"

కారుల కూసొని కడుపు నొచ్చేదాకా నవ్వినం. ఫోన్ల రికార్డు చేద్దామన్న సంగతి గూడ అప్పుడే యాదికొచ్చింది. ఇంత తిరిగి, చేతికందినంక వదిలిపెట్టుకున్నం. మెల్లగ కారు రోడ్డెక్కించిన. కొంత దూరం పోయినంక వదినె కొంగుతో కండ్లు తుడుసుకొని, "మరి నువ్వన్న ఇన్నవ్ గద. ఎట్లున్నది? నిజం సెప్పు," అన్నది.

ముప్పై ఏండ్ల సంది ఆమెను ఎక్కిరించుడే తప్ప ఒక మంచి మాట అన్నదాన్ని గాదు. ఆ రోజు మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పిన.

"నేను గూడ వినలే వదినె. నీ గొంతు ఆగిన కాడన్న రేడియో వినవడుతదని సూసిన. నువ్వు ఊపిరి తీసుకున్న కాడ్నే అది గూడ తీసుకున్నది. జరంత గూడ అటిటు పోలే. ఇద్దరున్నట్టే అనిపియ్యలే."

వదినె అద్దం దించి బయటికి సూసింది. పొద్దు కుంకుతున్నది, పొలాలకెల్లి కూలోళ్లు ఆటోలల్ల ఇండ్లకు పోతున్నరు.

"అయితే మంచిగనే పాడినమన్నట్టు, ఇద్దరం," అన్నది.

సూర్యాపేట లైట్లు కనవడేదాకా అదే సంగతి నాతోని మల్ల మల్ల చెప్పించుకున్నది.