అడగాల్సిన మనిషి

పోయిన నెల ఉద్దానంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, తీసిన ఫొటోలు కెమెరాలో చూసుకుంటుంటే, ఆ ఇంటావిడ వచ్చి నా పక్కన కూలబడింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికిలాగే ఆమె భర్తకీ కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు. మంచం మీదున్న తండ్రి చెయ్యి పట్టుకుని కూతురు నిలబడిన ఫొటో అప్పుడే తీశాను, శ్రీకాకుళంలో ఈ జబ్బు మీద నేను పెట్టబోయే ప్రదర్శన కోసం. ఈ మధ్య తీసినవాటిలో అంత బాగా వచ్చింది మరొకటి లేదు.

“అది సెరిపీయండమ్మా. ఎల్లుండి పిల్లని సూడ్డానికొస్తన్నారు. ఇంట్లో ఈ జబ్బున్నాదని తెలిస్తే గుమ్మం తొక్కరు,” అందామె.

చెరిపే మీట మీదకి నా వేలు దానంతటదే వెళ్లింది. ఆ అలవాటు బొబ్బిలిలో మా ఇంటిది. నాన్నది కిరాణా కొట్టు. మా అక్కచెల్లెళ్లకి స్టూడియోలో ఫొటో తీయించాలంటే పెళ్లిచూపుల వయసు రావాలి. తీయించాక నెగెటివ్ కూడా అడిగి తెచ్చేసేవారు. స్టూడియో అతను దాన్ని పెద్దది చేసి అద్దాల బీరువాలో పెడితే బజారంతా చూస్తుందని భయం. అవి కొట్టు పత్రాలతోపాటు ఇనప్పెట్టెలోకి పోయేవి. మధ్యాహ్నం నాన్న కునుకు తీసినప్పుడు వాటిని వంటింటి కప్పులో వెలుగు కోసం పెట్టిన అద్దపు పెంకు కింద పట్టుకుని చూసేవాళ్లం. తెల్ల జుట్టు, నల్ల ముఖాలతో ఉన్న మమ్మల్ని చూసి నాయనమ్మ, “ఏటే, నాకంటే ముందే ముసిలోళ్లయిపోయారు,” అనేది. వెలుగెక్కువ పడిన చోట ఫిల్ము నల్లబడుతుందని ఆ పెంకు కిందే లెక్క కట్టుకున్నాను. నేర్పినవాళ్లెవరూ లేరు.

కాలేజీ మాన్పించాక మావయ్య తన పాత కెమెరా ఇచ్చాడు. వీధిలో తీయకూడదని నాన్న షరతు. తమాషా ఏమిటంటే, ఆ షరతే నాకు పని తెచ్చింది. మగ ఫొటోగ్రాఫర్‌ని లోపలికి రానివ్వని పేరంటాలన్నిటికీ నన్నే పిలిచేవారు. అలాగే ఉద్దానంలో ఒక సీమంతానికి వెళ్తే, “ఆ గదివేపు మాత్రం కెమెరా తిప్పకమ్మా,” అన్నారు. గర్భిణి భర్త అందులో ఒళ్లంతా నీరు పట్టి పడుకుని ఉన్నాడు. నేను తిప్పలేదు, గాజులు తొడిగిన చేతులు తీసి వచ్చేశాను. తర్వాత ఎన్ని పేరంటాలు తీసినా, తీయని ఆ గదే గుర్తొచ్చేది. చివరికి పేరంటాలు మానేసి అలాంటి గదుల్లోనే ఫొటోలు తీస్తూ తిరుగుతున్నాను. ప్రదర్శన పెడితే అధికారులు వస్తారు, ఫొటోలు చూస్తారు, టీ తాగి వెళ్తారు. నేను తీసినవాళ్లలో చాలామంది పోయారు. వాళ్ల గోడల మీద దండలు వేసి ఉన్నవి నా ఫొటోలే. ఈ మధ్య కెమెరా సంచి భుజానికెత్తుకోవడమే కష్టంగా ఉంటోంది.

అంతలో కూతురు మంచినీళ్లు పట్టుకొచ్చింది. “నన్నడగవేటమ్మా?” అంది తల్లితో.

“ఒసే, నీకు తెలీదు, ఊరుకో.”

“మొకం నాది కదా. ఉంచండి మేడమ్. తెలిసే రమ్మనండి ఆళ్లని. తెలిసాక మానేస్తే మానీయనీ.”

తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదు కాబట్టి కాబోలు, ఆ పిల్లని అడగాలని నాకూ తోచలేదు.

ఫొటో ఉంచాను. ప్రదర్శనలో మొదటి గోడ మీద అదే ఉంది. పెళ్లివారు వచ్చారో లేదో కబురు లేదు, ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఆ ఫొటోకి పట్టింది సెకనులో అరవయ్యో వంతు. దానికి ఆ పిల్ల ఎన్నేళ్లు జవాబు చెప్పుకోవాలో నా లెక్కకి అందడం లేదు.