చైర్‌పర్సన్ అత్తగారి మోరీ

కరోనా వచ్చిన రెండో సంవత్సరం, చలికాలంలో, నన్ను ఒక చిన్న పురపాలక సంఘానికి అకౌంట్స్ అధికారిగా వేశారు. మా ఇల్లు కామారెడ్డిలో. పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కి దారిలో దిగితే ఆ ఊరు. పేరు రాయను. రాస్తే అక్కడి మాజీ చైర్‌పర్సన్ సుజాత గారు ఫోన్ చేసి తిడతారు. ఆవిడ తిట్లు నాకు ఇష్టమే గానీ, ఈ వయసులో రోజూ వద్దు.

వెళ్లగానే చేతికి వచ్చిన పని వచ్చే ఏటి బడ్జెట్. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఇంటి పన్ను, దుకాణాల అద్దె, వారం వారం జరిగే అంగడిలో అమ్మేవాళ్ల దగ్గర వసూలు చేసే తైబజారు రుసుము, ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర తీసుకునే అనుమతి ఫీజు, ఇవి రాబడి. జీతాలు, కరెంటు బిల్లు, నీళ్ల పంపుల మరమ్మతు, ఇవి తప్పని ఖర్చులు. ఇవన్నీ పోను మిగిలింది వార్డుల్లో పనులకు. ఆ ఏడు రాబడి అన్ని వైపులా ఎండిపోయింది. నెలల తరబడి అంగడి జరగలేదు. మూతపడ్డ దుకాణాలకు అద్దె మాఫీ చేశారు. దుబాయి నుంచి తిరిగొచ్చినవాళ్లు పునాదుల దగ్గరే ఇళ్లు ఆపేశారు, కొత్తగా అనుమతి అడిగే మనిషే లేడు. ఇంటి పన్ను సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా ఒక ఆనవాయితీ ఉంది. నేను పనిచేసిన ప్రతిచోటా చూశాను. పోయిన ఏటి అంచనాకు ఇంకొంత కలిపి ఈ ఏటి అంచనా వేస్తారు. వసూలైనా కాకపోయినా అంకె మాత్రం పెరగాలి. సభ్యులు మిర్చి బజ్జీలు తింటూ బల్లలు చరిచి ఆమోదిస్తారు. చిక్కు తర్వాత వస్తుంది. ఆ అంకెను నమ్మి వార్డుకో రోడ్డో మురుగు పారే మోరీయో మంజూరు చేస్తారు. గుత్తేదారు పని ముగించి బిల్లు పెట్టేసరికి డబ్బుండదు. అప్పుడు మొదట ఆగేది ఊరు ఊడ్చే సఫాయి కార్మికుల జీతం. గుత్తేదారైతే లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, వాళ్లు గేటు దగ్గర నిలబడతారు. అంతకుముందు పనిచేసిన చోట ఆ నిలబడటం చూశాను. మళ్లీ చూడదలచుకోలేదు.

అందుకని వార్డు పనులన్నీ వాయిదా వేసి, పోయిన ఏటికన్నా తక్కువ మొత్తంతో ముసాయిదా తయారుచేశాను. కమిషనర్ గారు చూసి, దీనికి చైర్‌పర్సన్‌ను మీరే ఒప్పించుకోండని నవ్వి ఊరుకున్నారు.

సుజాత గారు బీడీలు చుట్టిన ఇంటి నుంచి వచ్చిన మనిషి. ఆ ఊరి చైర్‌పర్సన్ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి కూడా. మొత్తం చూడగానే ముఖం మారింది.

“ఏంది సార్ గిది? పోయినేటి కన్న తక్కువనా? ఊరేమన్న చిన్నగయిందా? ఆడామె కుర్చీల కూసున్నది, బడ్జెట్ పడిపోయిందని అనరా నన్ను?”

అంటారని నాకూ తెలుసు. సఫాయి వాళ్ల జీతాల సంగతి చెప్పాను. ఆవిడ వింటూనే కాగితాలు తిప్పి తన వార్డు దగ్గర ఆగారు.

“మా గల్లీ మోరీ గూడ తీసేసిన్రా?”

అందరివీ తీశానన్నాను. ఆవిడ కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ మోరీ వాళ్ల అత్త రాజవ్వకు ఓట్లప్పుడు గల్లీ అందరి ఎదుట ఇచ్చిన మాట అని తర్వాత తెలిసింది. ఇంటి ముందు మురుగు దాటుతూ ఆ ముసలావిడ ఒకసారి జారిపడిందట.

రెండు రోజులు చైర్‌పర్సన్ ఆఫీసుకు రాలేదు. తర్వాత వచ్చింది అత్తగారు. నా బల్ల ముందు నిలబడి, చేతికర్రతో నేలను ఒక్కటి కొట్టింది.

“నువ్వేనా లెక్కల సారువు? నా మోరీని మింగినోనివి నువ్వేనా?”

కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మోరీ కడితే ఊరు ఊడ్చేవాళ్ల జీతాలు ఆగుతాయని చెప్పాను.

“ఎవల జీతం? మా గల్లీ ఊడ్చే పోశవ్వదా?”

“ఆమెది కూడా, అవ్వా.”

ఆవిడ చేతికర్రను బల్లకు ఆనించింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “కరోనల మా ఇంటికి కట్టెలు అడ్డం కట్టిన్రు. చుట్టాలొక్కలు గూడ ఆ దిక్కు చూడలే. పోశవ్వ రోజు పొద్దుగాల వచ్చి, పాల ప్యాకెట్ గడప మీద పెట్టి, ‘రాజవ్వా, ఉన్నవానే?’ అని పిలిచేది. ఉన్ననే అన్నంకనే పొయ్యేది.” కర్ర అందుకుని లేచింది. “గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నా కోడలు రెండ్రోజులసంది అన్నం సక్కగ తింటలేదు. మోరీ వద్దు గానీ, దాటనీకి ఒక బండ ఎయ్యిండ్రి.”

ఆ నిమిషంలో నాకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టింది. ఒక్క బండ వేయాలన్నా మా పద్ధతిలో అంచనా, మంజూరు, కొలతల పుస్తకం కావాలి. పాత కాలిబాట తవ్వినప్పటి బండలు ఆఫీసు వెనక పడి ఉంటే, కమిషనర్ గారి అనుమతితో మందపాటిది ఒకటి ట్రాక్టర్‌లో పంపించాం. ఆ ఏడు చైర్‌పర్సన్ వార్డుకు జరిగిన అభివృద్ధి మొత్తం అదే.

అత్తే మోరీ వద్దన్నాక ఆఫీసుకు తిరిగొచ్చిన సుజాత గారు, బడ్జెట్ సమావేశంలో తగ్గిన మొత్తాన్ని తడబడకుండా చదివారు. వెనక నుంచి సభ్యుల్లో ఒక పెద్దమనిషి ఆవిడ భయపడిన మాటే అన్నాడు, ఆడామె కూసుంటే గింతే అని. ఆవిడ పుస్తకం మూసి అతనివైపు తిరిగారు.

“మా అత్త మోరీ కొట్టేసి వచ్చిన. నా ఇంట్ల నేను తిట్లు తిన్న. మీ మీ గల్లీలు ఊడ్చేటోళ్ల పేర్లు తెలుసా మీకు? తెలిస్తె వాళ్ల జీతం ఆపి రోడ్డు ఏసుకుంటమని ఆ పేరు పెట్టి చెప్పుండ్రి, రాసుకుంట.”

 ముందుగా ఒక ముసలి సభ్యుడు లేచి, తన రోడ్డు ఆ పై ఏటికి వేసుకోమన్నాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూ వెనకే వచ్చారు. ఆ పెద్దమనిషి మాత్రం అసమ్మతి రాయించి, బజ్జీలు తిని వెళ్లాడు. ఆ ఏడు జీతాలు ఒక నెల కొంచెం ఆలస్యమయ్యాయి గానీ ఆగలేదు. గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు.

పన్నులు తేరుకున్నాక మోరీ వచ్చింది. అప్పటికి నేను విరమణ చేసి ఇంట్లో ఉన్నాను. మేస్త్రీ పాత బండ తీసేయబోతే రాజవ్వ దాని మీద కూర్చుని లేవలేదని సుజాత గారు ఫోన్‌లో చెప్పి పడీ పడీ నవ్వారు.

రాబడి తగ్గిన ఏడు కోత వేయడం కష్టమేమీ కాదు, కలం ఉంటే చాలు. కోత పడినవారికి ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో చెప్పడం కూడా అకౌంట్స్ అధికారి పనేనని నేను ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. నా ముసాయిదాలో దాన్ని ‘సిబ్బంది వ్యయం’ అని రాశాను, ఎవరూ ఒప్పుకోలేదు. పోశవ్వ జీతమంటే ఒప్పుకున్నారు.