థెల్మా దమ్ము

ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో థెల్మా ఓల్డ్‌రాయిడ్ నడిపే బస్సు ఎక్కేవాళ్లందరికీ రెండు సంగతులు తెలుసు. బస్సు ఆలస్యం కాదు, డ్రైవరమ్మ నోరు మూతపడదు. యాభై ఆరేళ్ల మనిషి. సిగరెట్లు మానడానికని వేప్ అనే ఆవిరి సిగరెట్టు పట్టింది. సిగరెట్లు పోయాయి గాని వేప్ మెడలో తాడుకి వేలాడుతూ ఉండిపోయింది. డిపోలో టీ వేళ ఆమె, తోటి డ్రైవరు జానిస్ ఒకరి వేప్ ఒకరు లాగి పళ్ల రుచులు చూసుకునేవారు.

2020 మార్చిలో మహమ్మారి వచ్చిపడింది. జానిస్ ఆరడుగుల దూరాన నిలబడి, "ఇకనించి నీ మామిడిపండు నీదే తల్లీ, నా పుచ్చకాయ నాదే!" అనేసింది. థెల్మా చేతులు కడుక్కుని, వేప్ మూతి తుడుచుకుని మరీ నోట్లో పెట్టుకునేది. లాగడానికి మాత్రం లోటు లేదు.

ఆమెకి ఇంకో పిచ్చి కూడా ఉంది, పేట బ్యాండులో కార్నెట్ అనే ఇత్తడి బాకా ఊదడం. అది నేర్పిన ఆర్నల్డ్ సిడాల్‌ది ఎదురిల్లే. వయసు మీదపడిందని డాక్టర్లు ఆయన్ని గడప దాటొద్దన్నారు. థెల్మా వారానికోసారి సరుకుల సంచి గుమ్మంలో పెట్టి వెనక్కి జరిగితే, ఆయన కిటికీ తెరిచి మాట్లాడేవాడు.

"అమ్మాయ్, మేలో నాకు తొంభై నిండుతాయి. కేకులూ గీకులూ వద్దు. మీ గుమ్మంలో నిలబడి మన బ్యాండు పాట ఊదు."

"అదెంత పని మాస్టారూ!"

"చివరి స్వరం పన్నెండు లెక్కలూ ఒకే ఊపిరిలో పలకాలి సుమా."

ఇంటికొచ్చి ఊదితే ఆరు లెక్కలకే ఆయాసం వచ్చింది. మర్నాడు కిటికీలోంచి మాస్టారు నవ్వాడు. "విన్నాన్లే. మీ గుమ్మంలోంచి రోజూ రైలింజనులా ఆవిరి లేస్తుంటే, ఇక బాకాకి దమ్మెక్కడ మిగులుతుందే?"

థెల్మాకి రోషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రమే వేప్ తాడు విప్పి సొరుగులో పడేసింది. మొదటి వారం ఆమె చిరాకుకి ఇంట్లో పిల్లి కూడా ఎదురుపడలేదు. వేప్ మీదికి మనసు లాగినప్పుడల్లా కార్నెట్ చివర నోరు ఆనించే మూతిబిళ్ల ఒక్కటీ ఊడదీసి పెరట్లో ఊదేది. అది అచ్చం బాతులా అరిచేది.

పక్కింటి నోరీన్ గోడ మీంచి తొంగి చూసింది. "ఏమే, బాతుల్ని తెచ్చావా? పొద్దుట్నుంచీ ఒకటే గోల!"

"బాతు కాదే, వేప్ మానుతున్నా."

"అయితే అరవనీ. మా ఆయన సిగరెట్లు మానేలా ఆయనక్కూడా ఒక బాతు ఇప్పించు!"

థెల్మా తన పాత మూతిబిళ్లని సబ్బుతో రుద్ది, వేడినీళ్లలో కడిగి గోడ మీద పెట్టింది. మర్నాటి నుంచి రెండు పెరళ్లలో రెండు బాతులు. మధ్యలో ఒకరోజు థెల్మా తప్పింది, సొరుగులోంచి వేప్ తీసి లాగింది. కానీ సాయంత్రం ఊదితే తొమ్మిదో లెక్క అందింది. మళ్లీ సొరుగు తెరవలేదు.

పుట్టినరోజు మధ్యాహ్నం వీధంతా ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. జానిస్ వీధి చివర స్టాపులో బస్సాపి తలుపు తెరిచింది. థెల్మా పాటెత్తుకుంది. చివరి స్వరానికి మాస్టారు కిటికీలోంచి వేళ్లు మడవసాగాడు. పది వేళ్లూ అయిపోయాయి. మళ్లీ రెండు మడిచాడు. స్వరం ఆగలేదు. వీధి ఊపిరి బిగబట్టింది. పద్నాలుగో లెక్కకి గాని ఆమె బాకా దించలేదు.

చప్పట్లతో వీధి మారుమోగింది. మాస్టారు కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"పన్నెండన్నానా లేదా? రెండు ఎక్కువ లాగావే పొగరుబోతూ! ఏదీ, మళ్లీ ఊదు. ఈసారి రాసినట్టు ఊదు."

థెల్మా పకపకా నవ్వుతూ బాకా మళ్లీ పెదాలకి ఆనించింది.